మిమ్మల్ని గుండె పిండేసేలా ఏడిపించిన సినిమా సీన్ ఏది?

రాత్రిబండి
ఆదివారం, రాత్రి 11:52

నాన్న పోయి ఐదు నెలలైంది. ఆ రోజు నేను ఏడవలేదు. ఆసుపత్రి బిల్లు, అంబులెన్సు, చుట్టాలకు ఫోన్లు, పదకొండో రోజుకి షామియానా, వంటవాళ్లు... పెద్దకొడుకుని కాబట్టి అన్నీ నా మీదే పడ్డాయి. "వాడు గట్టివాడు" అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం టీవీలో 'జెర్సీ' వచ్చింది. ఇంతకుముందు రెండుసార్లు చూసిన సినిమానే. కొడుకు పుట్టినరోజుకి ఇండియా జెర్సీ కావాలని అడుగుతాడు. ఐదువందలు. తండ్రి అర్జున్ చేతిలో ఆ ఐదువందలు ఉండవు. కనపడినవాళ్లందరినీ అడుగుతాడు, ఎవరినీ గట్టిగా అడగలేడు. చివరికి భార్య పర్సులోంచి తీయబోయి దొరికిపోతాడు. అక్కడ లేచి బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని, అరగంట ఏడ్చాను.

ఏడో తరగతిలో నేను నాన్నని స్పోర్ట్స్ షూస్ అడిగాను. "వచ్చే నెల చూద్దాంరా" అన్నారు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెప్పినట్టే తర్వాతి నెల కొన్నారు. అంతే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాని సంగతి, ఇవాళ ఆ ఐదువందలు చూడగానే వచ్చి మీద పడింది.

మీకూ ఇలాంటి సీన్ ఏదైనా ఉందా? అందరికీ తెలిసిన క్లైమాక్సే కానక్కర్లేదు. మీరు తట్టుకోలేకపోయినది చెప్పండి.


గోదారిగట్టు
సోమవారం, ఉదయం 6:15

బాబూ, ముందుగా మీ నాన్నగారికి నా నమస్కారం. కుళాయి తిప్పుకుని ఏడవడం నాకూ తెలుసు. పొద్దున్నే లేచి ఇది చదివాక కాఫీ పెట్టుకోబుద్ధి కాలేదు.

నాకు 'సాగర సంగమం'. నా పెళ్లికి ముందు ఏడాది, 1983లో, రాజమండ్రిలో మా అక్కతో కలిసి చూశాను. అందరూ ఆఖరి సీన్ గురించి చెబుతారు, చక్రాల కుర్చీ, వాన, గొడుగు. నన్ను చంపేసేది దానికంటే ముందు వచ్చే ఇంకో వాన. డాన్సరు బాలుగా కమల్ హాసన్, అతను ప్రేమించిన మాధవిగా జయప్రద. మాధవి భర్త అప్పటికే పోయాడు. బాలుకి ఆ సంగతి తెలియకూడదని నుదుట బొట్టు పెట్టుకుని వస్తుంది. తాగి బావి గట్టు మీద ఆడుతున్నవాడు ఆమెను చూసి దిగుతాడు. వానకి బొట్టు కరగబోతుంటే అరచెయ్యి అడ్డం పెడతాడు. తనకి దక్కని మనిషి, ఇంకొకరి భార్య. ఆమె బొట్టు చెరగకూడదని వీడి ఆరాటం. ఆ బొట్టుకి అర్థం ఎప్పుడో పోయిందని ఆమెకి తెలుసు, మనకి తెలుసు, వాడికే తెలియదు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. కమల్ హాసన్‌ని చూసి ఏడ్చాను. పదకొండేళ్ల క్రితం మావారు పోయాక మళ్లీ చూశాను. ఈసారి జయప్రదను చూసి ఏడ్చాను. ఆవిడ ఆ పూట అద్దం ముందు నిలబడి బొట్టు ఎలా పెట్టుకుని ఉంటుందో అనిపించింది. సినిమాలో అది ఉందో లేదో కూడా నేను పట్టించుకోలేదు. నాకు మాత్రం కనిపించింది.


కత్తెర
సోమవారం, ఉదయం 9:40

గోదారిగట్టు గారు చెప్పిన సీన్‌లో గమనించండి, ఎవరూ ఏమీ వివరించరు. బాలు అరచెయ్యి ఒక్కటే చెబుతుంది. నేను ఎడిటింగ్ పనిలో ఉన్నవాడిని, సీరియళ్లకి చేస్తాను. మా దగ్గర ఏడుపు సీన్ అంటే ఒక లెక్క ఉంటుంది. ముఖం క్లోజప్, వయొలిన్లు, చుట్టూ ఉన్న ఆరుగురి రియాక్షన్లు, మళ్లీ అదే ముఖం. పని చేస్తుంది, కాదనను. కానీ చూసేవాళ్లు టీ తాగే లోపు మర్చిపోతారు.

అందుకే నాకు 'ఆకలి రాజ్యం' ఇష్టం. 1981, బాలచందర్. ఢిల్లీలో ఉద్యోగాల్లేని కుర్రాళ్లు. ఇంట్లో గింజ లేకపోయినా, వచ్చినమ్మాయికి ఆ సంగతి తెలియకూడదని భోజనం చేస్తున్నట్టు నటిస్తారు. ఆమె చూసేసరికి కంచాలు ఖాళీ. ఆకలి కంటే పరువు పెద్దదైన వయసు అది. మా రూమ్‌లో మేమూ ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఇప్పుడే తిన్నానమ్మా" అనేవాళ్లం. నాలుగేళ్లు అలాగే అన్నాను.

ఒక మాట మాత్రం అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు. 'మాతృదేవోభవ' లాంటివి నాకు పడవు. మొదటి రీలు నుంచి చివరిదాకా ఏడిపించాలనే తీసిన సినిమా. ఊపిరి తీసుకోనివ్వదు.


పాతపాటల పెట్టె
సోమవారం, మధ్యాహ్నం 1:05

మా నాయనమ్మకి అయితే ఒకటే, 'లవకుశ'. డబ్బుల్లేక మధ్యలో ఆగిపోయి, సి.పుల్లయ్య గారు మొదలుపెట్టిన దాన్ని కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేసి, చివరికి 1963లో విడుదలైన సినిమా. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. మా ఊరి నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లారట. "ఏ నిమిషానికి ఏమి జరుగునో" అని ఘంటసాల గొంతు వినపడుతుంటే లక్ష్మణుడు సీతమ్మను అడవికి తీసుకెళ్తాడు. ఆమెకి ఎందుకు వెళ్తున్నదీ తెలియదు. నాయనమ్మ ఈ పాట రేడియోలో వస్తే చేతిలో పని వదిలేసేది. "ఆ పిల్ల బండెక్కేటప్పుడు ఎంత సంతోషంగా ఎక్కిందిరా" అనేది ప్రతిసారీ. అంజలీదేవి ఆవిడకి నటి కాదు, కడుపుతో ఉండి ఇంట్లోంచి గెంటేయబడిన ఆడపిల్ల.

నాకు 'దేవదాసు'. 1953. సంగీతం సి.ఆర్.సుబ్బురామన్, సినిమా పూర్తికాకుండానే 1952లో చిన్న వయసులోనే పోయారు. ఆ పాటలు వింటున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది. చివర్లో దేవదాసు పార్వతి ఊరికి చేరి, ఆమె ఇంటి ముందే పడి ఉంటాడు. పలకరించే నాథుడు లేడు. లోపల ఉన్న పార్వతికి తెలిసి పరుగెత్తుకొస్తే తలుపులు మూస్తారు. మా తరం మగవాళ్లు గడ్డం పెంచుకుని దేవదాసు వేషాలు వేశారు గానీ, ఆ తలుపుల గురించి ఎవరూ మాట్లాడలేదు. సావిత్రి ఆ మెట్ల మీద పరుగెత్తడం చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది.


సిరిసిల్ల మగ్గం
సోమవారం, రాత్రి 8:30

వేదం. 2010.

మాది నేత కుటుంబం. సినిమాలో సిరిసిల్ల అని వినపడగానే మా ఇంట్లో అందరం నిటారుగా కూర్చున్నాం. అప్పు తీర్చి, మనవడిని చదివించుకోవాలని కిడ్నీ అమ్ముకోవడానికి కోడలిని వెంటబెట్టుకుని హైదరాబాద్ వస్తాడు ముసలాయన రాములు. బ్రోకరు సగానికి సగం కోస్తాడు. మిగిలింది మూటగట్టుకుంటే, అల్లు అర్జున్ వేసిన కేబుల్ రాజు వచ్చి గుంజుకుపోతాడు. ఆ ముసలాయన వదలడు. కొట్టినా వదలడు. తిట్టడు కూడా, బతిమాలతాడు. ఆ బతిమాలడం నేను చిన్నప్పుడు విన్నాను. మా తాత సేటు దుకాణం ముందు అదే గొంతుతో మాట్లాడేవాడు. అందుకే ఆ సీన్‌లో తల దించుకున్నాను, తెర వైపు చూడలేదు.

రాజు మళ్లీ వచ్చి డబ్బులు ఇచ్చేసినప్పుడు హాల్లో చప్పట్లు. మా బాపు మాత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఆ పాత్ర వేసిన నాగయ్య గారు 2021లో చనిపోయారు. ఎక్కడా నటన నేర్చుకున్న మనిషి కాదు, పల్లెటూరి పెద్దాయన. అందుకేనేమో, ఆయన ఏడుస్తుంటే సినిమా అనిపించలేదు.


మూడోపిల్ల
సోమవారం, రాత్రి 10:20

కత్తెర గారూ, మీరు 'మాతృదేవోభవ' గురించి రాసింది పొద్దున చదివాను. రోజంతా ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. మేం నలుగురం. నాన్న అంతకుముందే లేరు. పెద్దన్నయ్యను బాబాయి తీసుకెళ్లారు, అక్కను అమ్మమ్మ, నన్ను పెద్దత్తయ్య, చంటివాడిని పిల్లల్లేని దూరపు చుట్టాలు. ఒకే రోజు, ఒకే వాకిట్లోంచి నాలుగు దిక్కులకి. అత్తయ్య నన్ను బాగా చూసుకుంది, అన్యాయం చేయలేదు. కానీ చంటివాడిని తీసుకెళ్తుంటే వాడి చెప్పు ఒకటి వాకిట్లో పడిపోయింది. నేను దాన్ని పట్టుకుని ఆటో వెనక పరుగెత్తాను.

ఆ సినిమాలో తల్లి, నటి మాధవి వేసిన పాత్ర, తన జబ్బు తెలిశాక పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి పంపిస్తుంది. మీకు అది ఏడిపించడానికి పేర్చిన సీన్ల వరసలా కనిపించి ఉండొచ్చు. మీ పని అలాంటిది కాబట్టి మీరు అలా చూడటం తప్పని అనను. కానీ నాకు జరిగింది కూడా ఆ వరసలోనే జరిగింది. నాకూ ఎవరూ ఊపిరి తీసుకోనివ్వలేదు.

"రాలిపోయే పువ్వా" పాటకి వేటూరి గారికి జాతీయ అవార్డు వచ్చింది. శ్రీశ్రీ "తెలుగు వీర లేవరా" తర్వాత పాటల రచనకి తెలుగుకి దక్కిన రెండో అవార్డు అది. కీరవాణి గారు స్వయంగా పాడారు. నేను ఆ పాట ఇంతవరకు చివరిదాకా వినలేదు.


కత్తెర
సోమవారం, రాత్రి 10:58

అమ్మా, క్షమించండి. నిజంగా. ఆ సినిమాని అలా చూసేవాళ్లు ఉంటారని నాకు తట్టలేదు. తట్టాల్సింది.

మీ తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నారో అడగొచ్చా?


మూడోపిల్ల
సోమవారం, రాత్రి 11:10

క్షమాపణ ఎందుకండీ, మీరు నన్ను అన్న మాట కాదు కదా. తమ్ముడు విజయవాడలో ఉన్నాడు. సంక్రాంతికి నలుగురం కలుస్తాం. వాడికి ఆ రోజు ఏమీ గుర్తు లేదు. చెప్పు సంగతి నేను ఇంతవరకు వాడికి చెప్పలేదు.


దుబాయ్ నుంచి మల్లన్న
మంగళవారం, ఉదయం 7:25

'బలగం' గురించి ఎవరూ రాయలేదేంటి అని చూస్తున్నా. నేను రాస్తా.

2023 మార్చిలో విడుదలైంది. అప్పుడు నేను ఇక్కడే ఉన్నా. మా ఊర్లో బడి ముందు తెర కట్టి ఊరంతటికీ చూపించారట, అవ్వ ఫోన్‌లో చెప్పింది. మేము క్యాంపులో ఒక ఫోన్ బంకు బెడ్డు మీద నిలబెట్టి పదకొండు మందిమి చూశాం.

కొమురయ్య చనిపోతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. మూడో రోజు ముట్టదు, ఐదో రోజు ముట్టదు. నల్లి బొక్క, అంటే కూరలో మూలుగ ఎముక, దాని కాడ మాటా మాటా పెరిగి అల్లుడు ఎప్పుడో అలిగి పోయాడు, బిడ్డ లక్ష్మి పుట్టింటికి రాకుండా అయింది. ముసలాయన మనసులో ఉన్నది అదే. కాకి రాక ఊరంతా చెట్టు దిక్కు చూస్తూ నిలబడతారు చూడండి, ఆ భయం మా ఊర్లో పుట్టినవాళ్లకి తెలుసు. మా తాతకు పెట్టినప్పుడు కాకి గంటన్నర రాలేదు. మా నాయన చేతులు జోడించి "బాపూ, ఏం తప్పు చేసినమే" అని ఒక్కో పేరు తీసి అడిగిండు. ఎవరి పేరుకి కాకి దిగుతుందోనని అందరి గుండెలూ దడదడ.

ఆఖర్ల మొగిలయ్య, కొమురమ్మ పాట. ఆ దంపతులు నిజంగా ఊర్లల్ల చావుల దగ్గర కథ చెప్పే కళాకారులే. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయిండు. పాట అయ్యేసరికి మా రూమ్‌లో ఎవ్వరూ ఎవ్వరి ముఖం చూడలేదు. ఒకాయన లేచి బయటికి పోయిండు, ఇంకొకాయన దుప్పటి కప్పుకున్నడు.

మా అక్కతో నాకు ఎనిమిదేళ్లు మాటల్లేవు. ఇంటి జాగ కాడ గొడవ. ఆ రాత్రే ఫోన్ చేసిన. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి బావ ఎత్తి "ఏమైంది, అందరు మంచిగున్నరా" అని భయంగా అడిగిండు. అంటే నా ఫోన్ వస్తే ఎవరో చనిపోయి ఉంటారు అనుకునేదాకా వచ్చింది మా సంగతి. సినిమా కంటే ఆ మాటకే నేను ఎక్కువ ఏడ్చిన.


సంగీతం టీచర్
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నా మాట కొంచెం వేరుగా ఉంటుంది. నాకు ఏడుపు కంటే భయం వేసిన సీన్ ఒకటుంది. 'స్వాతి కిరణం', 1992. గొప్ప విద్వాంసుడు అనంతరామశర్మ, తన శిష్యుడు గంగాధరం, పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు, తనను మించిపోతున్నాడని ఓర్చుకోలేకపోతాడు. గురువు మనసు గ్రహించి ఆ పిల్లవాడు ప్రాణం తీసుకుంటాడు. గురువుకి అడ్డం కాకూడదని.

నా దగ్గర ఇరవై మంది పిల్లలు నేర్చుకుంటారు. ఎవరైనా నాకంటే బాగా గమకం వేసినప్పుడు నా ముఖం ఎలా ఉందోనని ఒక్క క్షణం టెన్షన్ పడతాను. పిల్లలు ముఖాలు చదువుతారు. ఆ సినిమా చూశాకే నాకు ఈ జాగ్రత్త వచ్చింది. చివర్లో శర్మ చిన్నపిల్లల మధ్య శిష్యుడిలా వచ్చి కూర్చుంటాడు. క్షమించాలో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

2023 ఫిబ్రవరి 2న ఆ సినిమా తీసిన విశ్వనాథ్ గారు పోయారు. ఆయన 'శంకరాభరణం' విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే, 1980లో. మరో రెండు రోజులకి, ఫిబ్రవరి 4న, గంగాధరానికి గొంతిచ్చిన వాణీ జయరాం గారు పోయారు. ఆ వారం క్లాసులో "ఆనతినీయరా" ఎత్తుకుని పల్లవి దాటలేకపోయాను. పిల్లలే పూర్తి చేశారు.


పదమూడుగంటల తేడా
మంగళవారం, రాత్రి 9:15

రాత్రిబండి, మీ పోస్టు చదివి రెండు రోజులుగా రాయాలా వద్దా అనుకుంటున్నాను.

'సుస్వాగతం' వచ్చినప్పుడు, 1998లో, మేం ఇంటర్ కుర్రాళ్లం. పవన్ కల్యాణ్ కోసం వెళ్లాం. అందులో హీరో తండ్రిగా రఘువరన్ వేశారు. అమ్మాయి కోసం కొడుకు తిరుగుతున్న రోజునే ఆయన పోతారు. ఫోన్లు లేని కాలం, కొడుకు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. వాడు వచ్చేసరికి అంతా అయిపోతుంది. స్నేహితులే కానిచ్చేస్తారు. అప్పుడు నేను "వీడికి ఇలాగే కావాలి" అనుకున్నాను. అంత చిన్నవాడిని.

2020 ఆగస్టు. మా నాన్నకి కరోనా. నేను కాలిఫోర్నియాలో. నా దగ్గర ఫోన్ ఉంది, రోజుకి పదిసార్లు మాట్లాడేవాణ్ని. నేను ఎక్కడున్నానో అందరికీ తెలుసు. అయినా రాలేకపోయాను. మా తమ్ముడి స్నేహితుడు ఫోన్ పట్టుకుని చూపించాడు. సిగ్నల్ సరిగ్గా లేదు. నాన్న ముఖం బొమ్మ కట్టేసి ఆగిపోయింది, మళ్లీ కదిలేసరికి మంట.

తర్వాత ఒకసారి ఆ సినిమాలో ఆ సీన్ యూట్యూబ్‌లో పెట్టుకుని చూశాను. కావాలనే. రఘువరన్ గారూ లేరు, 2008లోనే పోయారు. హీరో పరుగెత్తుకుంటూ వస్తాడు చూడండి, కనీసం వాడికి పరుగెత్తడానికి ఒక దారి ఉంది అనిపించింది.


గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 9:50

నాయనా, నువ్వు రావాలనుకున్నావని మీ నాన్నకి తెలుసు. రోజుకి పదిసార్లు మాట్లాడినవాడివి. నాకు ఇంతకంటే చెప్పడం రాదు.


రాత్రిబండి
బుధవారం, రాత్రి 12:30

అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. పేరుపేరునా జవాబు రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోవద్దు. మూడోపిల్ల గారూ, వీలైతే ఈ సంక్రాంతికి చెప్పు సంగతి తమ్ముడికి చెప్పండి. నాకైతే ఎవరైనా అలా పరుగెత్తారని తెలిస్తే బాగుండుననిపించేది.

ఒక సలహా కావాలి. మా అమ్మ కూడా ఇంతవరకు ఏడవలేదు. ఐదు నెలలుగా ఇల్లు తుడుస్తుంది, పప్పులు ఎండబెడుతుంది, అల్మరాలు సర్దుతుంది. రాత్రి పన్నెండు దాటినా లైటు వెలుగుతూ ఉంటుంది. శనివారం ఊరెళ్తున్నాను. మీరు చెప్పిన వాటిలో ఏదైనా చూపిస్తే గుండె బరువు దిగుతుందా?


పాతపాటల పెట్టె
బుధవారం, ఉదయం 8:00

వద్దు బాబూ. ఏడుపు సినిమా పెడితే ఆవిడ నీకోసం ఇంకా గట్టిగా బిగపట్టుకుంటుంది. మీ నాన్నగారికి ఇష్టమైన సినిమా ఏదైనా పెట్టు. నవ్వొచ్చేదైనా సరే. పక్కన కూర్చో.


దుబాయ్ నుంచి మల్లన్న
బుధవారం, ఉదయం 8:20

పెద్దాయన చెప్పింది కరెక్టు. మధ్యలో ఫోన్ చూడకు అన్నా.


రాత్రిబండి
ఆదివారం, రాత్రి 10:45

నాన్నకి ఇష్టమైంది 'మాయాబజార్'. ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. నిన్న రాత్రి భోజనాలయ్యాక పెట్టాను. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది, ఒక కన్ను అటు. లాహిరి లాహిరి వచ్చింది, ఏమీ లేదు. శశిరేఖ వేషంలో సావిత్రి మగవాడిలా నడుస్తుంటే చిన్నగా నవ్వింది కూడా.

తర్వాత "వివాహ భోజనంబు". ఎస్వీ రంగారావు ముందు గారెలు, బూరెలు, లడ్డూలు. నాన్న ఆదివారం భోజనానికి కూర్చునేటప్పుడు ఈ పాట ఎత్తుకునేవారు. గొంతు బాగుండేది కాదు, మాధవపెద్ది గారి నవ్వు మాత్రం అచ్చు దింపేవారు. అమ్మ "ముందు తినండి, చల్లారిపోతుంది" అనేది. ముప్పై నాలుగేళ్లు ప్రతి ఆదివారం ఇదే.

తెర మీద ఆ నవ్వు మొదలవగానే అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. నేను తలతిప్పి చూసేసరికి కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. రిమోట్ కోసం వెతుక్కుంటుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకురా. ఉండనీ. ఇంకా లడ్డూలు రాలేదు."